కుడితి పోయని ఇల్లు

మా సూర్యాపేటకు ఢిల్లీలో జాతీయ అవార్డు వచ్చిందన్న వార్త మా గల్లీలోకి మైకు కట్టిన ఆటోలో వచ్చింది. చెత్తను బాగా ఎత్తి, ఊరిని శుభ్రంగా పెట్టుకున్నందుకట. నాకు మీసాలు లేవుగానీ, ఉంటే ఆ పూట మెలేసుకుని తిరిగేదాన్ని. ఉమ్మడి రాష్ట్రం రోజులవి. మా ఊరి పేరు పేపర్లో రావాలంటే హైవే మీద లారీ బోల్తా పడాలి. అలాంటిది మొదటి పేజీలో ఫొటోతో సహా వచ్చింది.

ఊళ్లో తలా ఒక మాట అన్నారు. బస్టాండు దగ్గర మిఠాయిలు పంచారు. చీపురు పట్టే ఆడవాళ్ల మెడలో పూలదండలు వేస్తే వాళ్లు సిగ్గుపడి కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మూలమలుపు చాయ్ హోటల్లో మాత్రం, "అవార్డిచ్చెటోళ్లు ఒక్క రాత్రి గీడ పండుకోని సూస్తె మన దోమలు తెలుస్తుండె" అని నవ్వుకున్నారు. ఆ మాట చెవిన పడి నేను రోడ్డు మీదే నిలబడి వాళ్లతో జగడం పెట్టుకున్నాను. మిర్యాలగూడ నుంచి మా అన్న ఫోన్ చేసి, "చెత్తకు అవార్డంట గద చెల్లే, అంత చెత్త ఉన్నదా మీ ఊర్లె?" అని ఏడిపించాడు. ఫోన్ ఠక్కున పెట్టేశాను. మా అన్నతో మళ్లీ పండక్కే మాట్లాడాను.

నాకంత పౌరుషం ఎందుకంటే ఆ అవార్డులో నా వాటా ఉందని నా నమ్మకం. అంతకు ముందు మా గల్లీ మొగదల సిమెంటు చెత్తకుండీ ఉండేది. కుండీలో కంటే దాని చుట్టూ ఎక్కువ చెత్త పడేది. పందులు, కుక్కలు, వాన వస్తే ముక్కు మూసుకోవడం. మున్సిపాలిటీవాళ్లు ఆ కుండీలన్నీ తీసేసి, ఇంటికి రెండు బుట్టలు ఇచ్చారు. తడి చెత్తకు పచ్చది, పొడి చెత్తకు ఎర్రది. పొద్దున్నే రిక్షాబండి ఈల ఊదుకుంటూ వస్తే రెండూ విడివిడిగా ఇవ్వాలి. మా గల్లీలో మహిళా సంఘం లీడర్ని నేను. ఇల్లిల్లూ తిరిగి చెప్పే పని నా మీద పడింది. చెప్పడమంటే మామూలుగా చెప్పలేదు. ఎర్ర బుట్టలో కోడి బొక్కలు వేసినవాళ్ల బుట్టను తీసుకెళ్లి వాళ్ల గడప ముందే బోర్లించాను. వెనక నన్ను చెత్త లీడరమ్మ అని పిలిచేవారు. తెలిసీ తెలియనట్టు ఉండేదాన్ని. లోపల సంతోషమే.

ఇక మా అత్తమ్మ సంగతి చెప్పాలి. ఆమె పుట్టిల్లు పాలకీడు. తరతరాలుగా గొర్లూ బర్లే బతుకైన ఇల్లు. సూర్యాపేట కోడలిగా వచ్చినా, మామయ్య పోయినా, కొడుక్కి కరెంటాఫీసులో నౌకరీ వచ్చినా ఆమె బర్లను వదల్లేదు. మా ఇంటి వెనక రేకుల కొట్టంలో రెండు ఉండేవి. తెల్లారగానే పాలు పిండి, పోయించుకునేవాళ్లకు పోసి, పెద్ద ఇనప బకెట్టు పట్టుకుని గల్లీలోకి బయల్దేరేది. ప్రతి గుమ్మం ముందూ ఒకటే పిలుపు: "ఓ పిల్లా, కుడితీ!"

లోపలి నుంచి ఒకామె బియ్యం కడిగిన నీళ్లు, ఒకామె రాత్రి వంచిన గంజి, ఇంకొకామె సొరకాయ తొక్కలు, మిగిలిన అన్నం తెచ్చి బకెట్టులో పోసేవారు. దాంట్లో మా అన్న మిర్యాలగూడ రైసుమిల్లు నుంచి పంపే తవుడు కలిపితే అది బర్లకు విందు. ఊరికే తీసుకునేది కాదు అత్తమ్మ. బర్రె ఈనినప్పుడు మొదటి పాలతో వండిన జున్ను, కుడితి పోసిన ప్రతి ఇంటికీ గ్లాసెడు వెళ్లాల్సిందే. అది వాళ్ల అత్త పెట్టిన పద్ధతి. పోసినవాళ్లకే జున్ను. అధికారి ఇల్లైనా, కూలిపని చేసే ఇల్లైనా అంతే.

బుట్టలు వచ్చిన రోజున నేను మా వంటింటి తొక్కలు, గంజి అన్నీ పచ్చ బుట్టలో వేశాను. ఊరికి నీతులు చెప్పే మనిషి తన ఇంట్లో తప్పు చేసిందని ఎవరూ వేలెత్తి చూపకూడదని నా పట్టుదల. అత్తమ్మ ఒకసారి బుట్టకేసి, ఒకసారి నాకేసి చూసి, "నీ బుట్ట నీది, నా బకెట్టు నాది" అంది. ఆ రోజు నుంచి మా వంటింటి ముందు ఆగడం మానేసింది. ఇంటి వెనక రెండు బర్లుండగా కుడితిని మున్సిపాలిటీ బండికి ఇచ్చిన ఇల్లు మా ఊళ్లో బహుశా మాది ఒక్కటే.

రిక్షాబండి నడిపే ఆయన నాతో రెండు మూడుసార్లు అన్నాడు, "మీ గల్లీల తడి చెత్త శాన తక్కువొస్తదమ్మా" అని. మా ఆడవాళ్లు పొదుపు నేర్చారని, అదీ నా చలవే అని నేను మురిసిపోయాను. ఎక్కడికి పోతోందని ఒక్కసారి కూడా అడగలేదు. పొద్దున్నే నా కళ్ల ముందే బకెట్టు నిండుతున్నా నాకు కనిపించలేదు.

అవార్డు వచ్చిన కొన్నాళ్లకు శానిటరీ ఇన్‌స్పెక్టర్ మా ఇంటికి వచ్చాడు. నెమ్మదైన మనిషి. వేరే రాష్ట్రాల మున్సిపాలిటీలవాళ్లు మన ఊరిని చూడ్డానికి వస్తున్నారని, మా గల్లీని చూపించాలనుకుంటున్నామని చెప్పాడు.

"రోడ్డు మీద జర పెండ లేకుండ సూస్కోండమ్మా, సాలు" అన్నాడు.

"పెండ గాదు సార్, అసలు బర్లే ఉండవు" అన్నాను.

ఆయన ఉలిక్కిపడ్డాడు. "అంత అక్కర్లేదమ్మా. ముందు ఇంట్ల అడిగి చెప్పండి."

"అడిగేదేమున్నది సార్? లీడర్ని నేను. పాలకీడుల మా అత్తమ్మ తమ్ముడున్నడు, ఆయన దగ్గరికి పంపిస్త."

అంతటితో ఊరుకోలేదు. మా పాప నోటుబుక్కులోంచి కాగితం చింపి, గల్లీలో పశువులు లేకుండా చేస్తామని సంఘం తరఫున రాసి సంతకం పెట్టి ఇచ్చాను. ఆయన దాన్ని జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకున్నాడు. వారం తిరక్కముందే గల్లీ మొగదల బోర్డు లేచింది: పశువులు లేని ఆదర్శ గల్లీ. నా పౌరుషం తప్ప ఆ బోర్డుకు వేరే ఆధారం లేదు.

బోర్డు రాయడం చూసి అత్తమ్మకు ఎవరో చదివి చెప్పారు. ఆమె కొట్టంలో కుడితి గోలెం ముందు కూర్చుని తవుడు కలుపుతోంది. నేను వెళ్లేసరికి తలెత్తలేదు.

"ఎవల్నడిగి రాసిచ్చినవ్?"

"ఊరి కోసం అత్తమ్మా. ఢిల్లీ దాక పేరొచ్చింది మనకు."

"ఊరంటె నేను గాదా?" అని లేచి, పెద్ద బర్రె పొట్ట మీద చెయ్యి పెట్టింది. "ఇది సూడిది. పొదుగు చేసింది. నెల తిరగకుండ ఈనతది. ఇయ్యాల దీన్ని ట్రాలీ ఎక్కిచ్చి, గుంతలల్ల ఎత్తేసుకుంట పాలకీడు దాక పంపుమంటవా? దారిల కడుపు ఈసుకపోతె దూడ దక్కుతదా? తల్లి దక్కుతదా?"

జవాబు తోచనప్పుడు గొంతు పెంచడం నా అలవాటు. "మాటిచ్చిన గద! ఇప్పుడు నా ఇజ్జత్ ఏమైతది?" అని అరిచాను.

"నీ ఇజ్జత్ కాగితం మీదున్నది. నాది కొట్టంల ఉన్నది. అవి పోవు. నేను పోను. ఇగ పో" అంది.

అదే ఆఖరి మాట. అత్తమ్మకు కోపం వస్తే అరవదు, మాట్లాడ్డం మానేస్తుంది. నులక మంచం కొట్టం పక్కకు వేసుకుంది. మూడు రాళ్ల పొయ్యి పెట్టుకుని తనకు తానే వండుకుంది. నేను అన్నం పెట్టి తీసుకెళ్తే పళ్లెం ముట్టలేదు. అత్తాకోడళ్లం అంతకు ముందు పోట్లాడుకోలేదని కాదు. కానీ నా చేతి అన్నం వద్దనడం అదే మొదటిసారి. మా ఆయనకు చెప్తే, "ఇంట్లకంటె స్తంభం మీదనే నా పానం నిమ్మలంగున్నది" అని పానా తీసుకుని డ్యూటీకి పోయాడు.

చూడ్డానికి వచ్చే రోజు ఖాయమైంది. పచ్చ బుట్టలో తడి చెత్త, ఎర్ర బుట్టలో పొడి చెత్త వాళ్లకు విడివిడిగా చూపించాలని ఇన్‌స్పెక్టర్ చెప్పాడు. నేను ముందు రోజు సాయంత్రం ఇల్లిల్లూ తిరిగాను. "రేపొక్క రోజు కుడితి ఎవరూ పొయ్యొద్దు. తొక్కలు, పొట్టు అంత బుట్టల్నే ఉండాలె. బుట్ట నిండి కనవడాలె" అన్నాను. అందరూ తలూపారు. అంత తొందరగా తలూపినప్పుడే నేను అనుమానించాల్సింది.

బర్లను ఆ ఒక్క పూట పక్కింటి పెరట్లో దాచడానికి మా ఆయన తల్లిని బతిమాలి ఒప్పించాడు. పక్కింటామెది కోదాడ. ఆంధ్రా సరిహద్దు ఊరు కాబట్టి మాటలో అండీలు, గార్లు ఎక్కువ. ఆమె పెరటికి పెద్ద రేకు గేటు ఉంది. "ఒక్క పూటనే. నీళ్ల దూపకు అరిస్తె నన్ననొద్దు" అని కొడుకుతో చెప్పింది అత్తమ్మ. నాతో కాదు.

పొద్దున్నే ప్రతి వాకిట్లో ముగ్గులు పడ్డాయి. రెండు కార్లలో వచ్చారు. వాళ్లలో పెద్ద ఆఫీసరు జుట్టు సగం నెరిసిన ఒకావిడ. హిందీ మాట్లాడుతున్నారు. మా ఊళ్లో ఉర్దూ కొత్త కాదు కాబట్టి అందరికీ అంతో ఇంతో అర్థమైంది. ఆవిడ దండలూ బోర్డులూ పట్టించుకోలేదు. నేరుగా కోదాడ ఆమె గుమ్మం ముందున్న పచ్చ బుట్ట మూత ఎత్తారు.

నేనూ తొంగి చూశాను. లోపల లేత సొరకాయ ముక్కలు, గుండ్రంగా తరిగిన వంకాయలు, పగలని టమాటాలు రెండు, కట్ట విప్పని గోంగూర.

ఆవిడ ఒక సొరకాయ ముక్క తీసి వేళ్లతో నొక్కి చూసి, ఇది చెత్తా అని అడిగారు. "యే కచ్రా హై?"

పక్క ఇంటి బుట్ట తెరిచారు. చిక్కుడుకాయలు, ఈనెలు తీసినవి. ఆ పక్క ఇంట్లో సాంబారుకు తరిగినట్టు ఒకే కొలతలో మునక్కాడ ముక్కలు. పెళ్లి వంటకు కూర్చుని తరిగినట్టుంది మా గల్లీ చెత్త. కోదాడ ఆమె నా చెవి దగ్గరికి వచ్చి గుసగుసలాడింది.

"మీరే కదండీ అక్కా, బుట్ట నిండాలన్నారు. పొద్దున అత్తమ్మగారు బకెట్టు పట్టుకుని గుమ్మంలోకి వస్తే లేదని ఎలా అంటాం? తొక్కలు ఆవిడకి పోసేశాం. కాయలు బుట్టలో వేశాం."

"అందరా?"

"అందరం. జున్ను తిన్న నోళ్లు కదండీ."

సరిగ్గా అప్పుడే రేకు గేటు వెనక నుంచి బర్రె అరిచింది. ఒకటి అరిస్తే రెండోది ఊరుకుంటుందా? ఇన్‌స్పెక్టర్ నా వైపు చూశాడు. వచ్చినవాళ్లలో ఒకాయన తలెత్తి బోర్డు వైపు చూశాడు.

నా దగ్గర అబద్ధం తయారుగా ఉంది. ఎవరింట్లోనో ఫంక్షన్ ఆగిపోయింది, కూరగాయలు మిగిలాయి, బర్లు దారిన పోయేవి అని చెప్పెయ్యొచ్చు. నోరు తెరిచాను కూడా. అప్పుడు కనపడింది అత్తమ్మ. గల్లీ చివరి ఇంటి దగ్గర, నిండిన బకెట్టు కింద దించి, నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది. నాకేసి చూడటం లేదు. బర్లు అరుస్తున్న వైపే చూస్తోంది. ఆ బకెట్టు అంచుదాకా ఉంది. గల్లీలో పచ్చ బుట్టలన్నిట్లో ఉండాల్సిందంతా అందులో ఉంది.

నాకు సిగ్గేసింది. నేను ఇల్లిల్లూ తిరిగి, బుట్టలు బోర్లించి, జగడాలు పెట్టుకుని శుభ్రం చేశాననుకున్న గల్లీని ఆమె రోజూ ఒక్క మాటా అనకుండా ఒక బకెట్టుతో ఎత్తుకుపోతోంది. నేను అవార్డు నాదనుకున్నాను. ఆమె బర్లను గల్లీ నుంచి పంపేస్తానని రాసిచ్చాను.

"మేడమ్, యే కచ్రా నహీ" అన్నాను. నా ఉర్దూ అంతంత మాత్రం. "అచ్ఛా సబ్జీ హై. అసలీ కచ్రా భైంస్ ఖాతీ." అసలు చెత్త బర్లు తింటాయని చెప్పి వెళ్లి రేకు గేటు తీసేశాను.

ఇన్‌స్పెక్టర్ తల పట్టుకున్నాడు. ఆవిడ మాత్రం నవ్వలేదు, కోప్పడలేదు. పెరట్లోకి వచ్చి నిలబడ్డారు. అత్తమ్మ మనుషులెవరూ లేనట్టే వచ్చి, కుడితిని అక్కడి తొట్టిలో గుమ్మరించింది. సూడి బర్రె ముక్కు ముంచి, తొట్టి అడుగు కనపడేదాకా తాగి, బుస్సున గాలి వదిలింది. ఆవిడ చీర మీద తుంపర్లు పడ్డా కదల్లేదు. ఎన్నాళ్ల నుంచి ఇలా అని అడిగారు. జున్ను సంగతి నేనే వచ్చీరాని భాషలో చెప్పాను. చిన్న పుస్తకంలో రాసుకున్నారు.

తిరిగి వెళ్తూ మా గుమ్మం ముందున్న పచ్చ బుట్ట మూత ఎత్తారు. అందులో నిజంగానే తొక్కలు, పొట్టు, గంజిలో తడిసిన మెతుకులు ఉన్నాయి.

ఇది ఎవరిల్లని అడిగారు. నాదే అన్నాను. బర్లు ఎవరివని అడిగారు. మావే అన్నాను.

మరి గల్లీ అంతా బర్రెకు వేస్తే, బర్రె ఉన్న ఇల్లొక్కటి బండికి ఎందుకు వేస్తోందని అడిగారు. తెలుసుకోవడానికే అడిగారు, ఎగతాళికి కాదు. నేను ఆ బుట్టకు మూత పెట్టేశాను.

మర్నాడు ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. తిడతాడనుకున్నాను, తిట్టలేదు. "నేనడగలేదు, మీరే రాసిచ్చిండ్రు. పైకి పంపినం, బోర్డు పెట్టినం. ఆ కాగితం ఆఫీసుల ఉన్నన్ని రోజులు నేనేం జెయ్యాలె, చెప్పండమ్మా?" అన్నాడు. న్యాయమైన మాట. బర్రె ఈనడానికి ఇంకా రెండు వారాలుందో, పది రోజులుందో. ఈలోగా కాగితం మాట నెగ్గితే సూడి బర్రె ట్రాలీ ఎక్కాల్సిందే. అప్పుడే గట్టిగా అనుకున్నాను. ఏ నోటితో మాటిచ్చానో ఆ నోటితోనే వెనక్కి తీసుకోవాలి. ఎవరు నవ్వినా సరే.

మళ్లీ ఇల్లిల్లూ తిరిగాను. ఈసారి లీడరు గొంతు లేదు. తప్పు నాదని ప్రతి గుమ్మంలో చెప్పుకున్నాను. "రేపు కుడితి మా అత్తమ్మకు పొయ్యకుండ్రి. గిన్నెల్ల పట్టుకోని నాతోని ఆఫీసుకు రాండ్రి" అన్నాను.

"మళ్లీ కూరగాయలు కొనాలా అక్కా?" అంది కోదాడ ఆమె. చాలా రోజుల తర్వాత నవ్వాను.

పొద్దున్నే ఆడవాళ్లందరం గిన్నెలూ బిందెలూ పట్టుకుని, పళ్లేలు మూతపెట్టి బయల్దేరాం. అత్తమ్మకు చెప్పలేదు. చెప్తే వద్దనేది. దారి పొడుగునా గంజి తొణికి చీరల మీద పడింది. రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి చూశారు. చాయ్ హోటల్ దగ్గర ఒకాయన, "అవార్డు ఊరేగింపా అమ్మా?" అన్నాడు. "అవును, గిదే అవార్డు. తాగుతవా?" అని గిన్నె ముందుకు చాపాను. చాయ్ గ్లాసుతో లోపలికి జరిగాడు.

ఆఫీసు వరండాలో గిన్నెలన్నీ వరసగా దించాం. ఎండెక్కే కొద్దీ పులిసిన వాసన లోపలికి పోయింది. అటెండరు ముక్కుకు రుమాలు కట్టుకున్నాడు. ఇన్‌స్పెక్టర్ బయటికి వచ్చి, "ఏందమ్మా ఇది?" అన్నాడు.

"తడి చెత్త సార్. గంజి, కడుగునీళ్లు. మీ బండి డబ్బాల పోస్తె ఊరంత కారుకుంట పోతది. మోరీల పోస్తె దోమలైతయి. బర్లుండొద్దంటె ఇది యాడ పొయ్యాలె? చెప్పుండ్రి, గాడ పోసి పోతం."

ఆయన గిన్నెల వరస చూశాడు, మమ్మల్ని చూశాడు. పెద్ద సారుకు చెప్తానని లోపలికి వెళ్లాడు. పెద్ద సారు మీటింగులో ఉన్నారన్నారు. ఉంటే ఉండనీ అన్నాం. మధ్యాహ్నం దాకా ఎవరూ కూర్చోలేదు. పొయ్యి వెలిగించకుండా వచ్చినవాళ్లున్నారు, బడి నుంచి పిల్లలు వచ్చే వేళైనవాళ్లున్నారు. ఒక్కరూ ఇంటి ముఖం పట్టలేదు. నా మాట వల్ల నిలబడ్డారనుకునే పొగరు అప్పటికి నాకు పోయింది. వాళ్లు నిలబడింది అత్తమ్మ కోసం.

చివరికి లోపలికి పిలిచారు. గోడ మీద అవార్డు ఫొటో పూలదండతో ఉంది. "ఆ అవార్డుల ఈ కుడితి గూడ ఉన్నది సార్" అన్నాను. పెద్ద సారు అంతా విన్నారు. మొన్న వచ్చిన ఆవిడ కూడా ఆ బర్ల గురించే అడిగి వెళ్లారని చెప్పారు. పశువుల్ని రోడ్డు మీద కట్టొద్దు, గడ్డి బయట వెయ్యొద్దు, పెండ రోజూ ఎరువుల షెడ్డుకు పంపాలి, అన్నారు. అన్నిటికీ సరేనన్నాం. నా పాత కాగితం బల్ల మీద పెట్టారు. అందరి ముందూ అది తప్పని, ఇంట్లో అడగకుండా రాశానని ఇంకో కాగితం రాసి సంతకం పెట్టాను. మొదటి సంతకం కంటే ఇది పెట్టడం కష్టమైంది. పెట్టాక ఒళ్లు తేలికైంది.

పులిసిన కుడితి మళ్లీ మోసుకుని వచ్చి తొట్టిలో పోశాం. పెయింటరు వచ్చి బోర్డు మీద మొదటి ముక్క తుడిచేసి, ఆదర్శ గల్లీ అన్నది మాత్రం ఉంచాడు. కొట్టం దగ్గరికి వెళ్లి, "బర్లు యాడికి పోవు అత్తమ్మా. కాగితం వాపస్ తీసుకున్న" అని చెప్పాను. "ఊఁ" అంది. రాత్రి నేను పెట్టిన పళ్లెం ఖాళీ అయింది. మాట మాత్రం లేదు.

పది రోజులకు, పొద్దు బాగా ఎక్కాక బర్రె ఈనింది. పెయ్యదూడ. గల్లీ ఆడవాళ్లంతా పనులు వదిలేసి వచ్చారు. అత్తమ్మ దూడ ముక్కు తుడిచి, తల్లి ముందు వేసి, అప్పుడు ఏడ్చింది. ఆమె ఏడవగా నేను చూసింది మామయ్య పోయినప్పుడు, మళ్లీ అప్పుడే.

మొదటి పాలతో అదే రోజు జున్ను వండింది. బెల్లం, మిరియాలు వేసి ఆవిరి మీద ఉడికిస్తే ఇల్లంతా ఆ వాసన. గ్లాసుల్లో పెట్టుకుని ఒక్కో ఇంటికీ తనే వెళ్లింది. ఇన్‌స్పెక్టర్‌కు ఒక గ్లాసు కొడుకు చేత పంపింది. "ఆయనెప్పుడు కుడితి పోసిండే?" అని మా ఆయన అడిగితే, "బోర్డు తుడిపిచ్చిండు గద" అంది. నేను వంటింట్లో నిలబడి చూస్తున్నాను. గిన్నె ఖాళీ అయింది. సాయంత్రం దాకా నాకు గ్లాసు రాలేదు.

పౌరుషం చంపుకుని అడిగాను. "నాకు లేదా అత్తమ్మా?"

ఆమె నా ముఖంలోకి చూసింది. చాలా రోజుల తర్వాత. కోపం లేదు ఆ చూపులో.

"నువ్వు పొయ్యలేదు గద పిల్లా. కుడితి పోసినోళ్లకే జున్ను. మా అత్త పెట్టిన రివాజు. నా కోడలని నీకిస్తె రేపు గల్లీల నా మాటెవలు ఇంటరు?"

లోపలికి వచ్చి ఏడ్చాను. అంత చేశాను గదా అని కోపం కూడా వచ్చింది. ఆఫీసులో అందరి ముందూ తలదించుకున్నది ఎవరి కోసమని బియ్యం డబ్బాతో, పొయ్యితో పోట్లాడాను. ఆ కోపం చల్లారాక మిగిలింది ఒక్కటే. ఆమె అన్నది నిజం. నేను పోయలేదు.

తెల్లారి బియ్యం కడిగిన నీళ్లు గిన్నెలో పట్టాను. రాత్రి గంజి, బీరకాయ తొక్కలు అందులోనే వేశాను. కొట్టం పది అడుగుల దూరం, నేనే తీసుకెళ్లి పోసి రావొచ్చు. కానీ అది పద్ధతి కాదు. ఆమె రావాలి, పిలవాలి. వెనక తలుపు తీసి గిన్నె పట్టుకుని నిలబడ్డాను. గల్లీ మొదటి నుంచి ఆమె పిలుపు ఒక్కో గుమ్మం దాటి వస్తోంది. కోదాడ ఆమె ఇంటి ముందు ఆగింది. తర్వాత మా గేటు చప్పుడైంది. అడుగులు కొట్టం వైపు పోతాయా అని చెవి పెట్టి విన్నాను.

వంటింటి ముందు ఆగాయి.

"ఓ పిల్లా, కుడితీ!"

ప్రతి గుమ్మంలో పిలిచినట్టే, అదే గొంతు. పోశాను. తొందరలో కాస్త ఆమె పాదాల మీద పడింది. ఆమె పాదాలు జరుపుకోలేదు.

మూడో రోజు పాలకు జున్ను గుణం దాదాపు పోతుంది. ఆ పొద్దున అత్తమ్మ వంటింట్లోకి వచ్చి గూట్లో గ్లాసు పెట్టింది. సగమే ఉంది. "మూడోనాటి పాలు. పేరుకోలే" అని వెళ్లిపోయింది. పట్టుకుంటే గ్లాసులో కదులుతోంది. జున్నూ కాదు, పాలూ కాదు. నేను ఒక్క రోజు పోసిన దానికి అంతే వస్తుంది. నిలబడే తాగాను, మిరియం పలుకు కూడా వదల్లేదు.

బయట ఈల వినపడింది. రిక్షాబండి ఆయన మా పచ్చ బుట్ట మూత ఎత్తి, లోపలికి చూసి, నాకేసి చూశాడు.

"లీడరమ్మా, మీ ఇంట్ల గూడ తడి చెత్త లేదా?"

"లేదు" అన్నాను.